కొట్టుకుంటున్న ట్యూబ్‌లైటు: స్టార్టర్ మార్చాలా, చోక్ మార్చాలా, మొత్తం పట్టీయే పీకేయాలా?

మా బిల్డింగు కాకినాడలో 1986లో కట్టింది. మూడంతస్తులు, పన్నెండు ఫ్లాట్లు, రోడ్డువైపు ఓ దర్జీ షాపు. అసోసియేషన్ సెక్రటరీ పని ఎవరూ ముట్టుకోకపోతే చివరికి నా నెత్తిన పడింది. నాకొచ్చే ఫిర్యాదుల్లో నీళ్ళ మోటారుది మొదటి స్థానం, ట్యూబ్‌లైట్లది రెండోది. "రెండో అంతస్తు మెట్ల దగ్గర లైటు కొట్టుకుంటోందండీ, పిల్లలు దిగలేకపోతున్నారు" అని ఒకరు, "కారిడార్ దెయ్యాల సినిమాలా ఉందండీ" అని ఇంకొకరు.

మొదట్లో నాకు తెలిసిన మందు ఒక్కటే. లైటు కొట్టుకుంటే ఎల్‌ఈడీ ట్యూబు కొని పాత పట్టీలోనే, అంటే ట్యూబుని బిగించే ఫిట్టింగులోనే పెట్టించేయడం. అలా ఒక వేసవిలో ఎనిమిది మార్పించాను. వానలు పడేసరికి అందులో మూడు మళ్ళీ కొట్టుకోవడం మొదలెట్టాయి. షాపువాడితో వాదించి వారంటీ కింద కొత్తవి తెచ్చాను. అవీ అంతే. అప్పుడు మా ఎలక్ట్రీషియన్ పట్టీ కిందకి దించి, హోల్డరు ఊడదీసి నా చేతిలో పెట్టాడు. ట్యూబు పిన్నుని పట్టుకునే ఇత్తడి రేకు చిలుము పట్టి పచ్చబడింది. వేలితో తడిమితే పొడి రాలుతోంది. ప్లాస్టిక్ ఒక పక్క కాలి గోధుమరంగుకి తిరిగింది.

"ఆయ్, ట్యూబు తప్పేం లేదండి. దెబ్బ ఒకచోటుంటే మందు ఇంకోచోట రాస్తున్నామండి" అన్నాడు.

సముద్రం గాలికి ముప్పై ఏళ్ళు పైగా నానిన హోల్డర్లవి. వాటిలో ఏ ట్యూబు పెట్టినా పిన్నుకీ రేకుకీ మధ్య కరెంటు ఒక క్షణం అందుతుంది, ఒక క్షణం అందదు. కాబట్టి పాత బిల్డింగులో ఏది కొనాలన్నది రెండో ప్రశ్న. రోగం ట్యూబులో ఉందా, పట్టీలో ఉందా, గోడలో ఉందా, మెయిన్ దగ్గర ఉందా అన్నది మొదటిది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అయితే పదీ ఇరవై రూపాయల స్టార్టర్, లేదా మొత్తం కొత్త ఎల్‌ఈడీ పట్టీ. మధ్యలో ఉన్న బేరాలు, అంటే కొత్త రాగి చోక్ (ట్యూబుకి వెళ్ళే కరెంటుని అదుపులో పెట్టే తీగచుట్ట), ఎలక్ట్రానిక్ చోక్, పాత పట్టీలో ఎల్‌ఈడీ ట్యూబు, వీటిమీద డబ్బు పెట్టాల్సిన సందర్భాలు తక్కువ. లేకపోలేదు, వాటి సంగతీ చెబుతాను.

ఒక్క లైటేనా, అన్నీనా?

ఏదైనా కొనడానికి ముందు, ఇంకే లైటు కొట్టుకుంటోందో చూడండి. ఒక్క ట్యూబే అయితే కంగారు లేదు. తప్పు ఆ పట్టీలోనో, దాని స్విచ్‌లోనో ఉంది. ఆ గదిలో ఫ్యాను కూడా ఉన్నట్టుండి మందగించి మళ్ళీ అందుకుంటుంటే ట్యూబుని వదిలేయండి, ఎక్కడో జాయింటు లూజయింది. నీళ్ళ మోటారు వేసినప్పుడో, ఫ్రిజ్ అందుకున్నప్పుడో ఒక్క క్షణం వెలుగు తగ్గడం మామూలే. మోటారు తిరగడం మొదలెట్టే ఆ క్షణంలో మామూలుకంటే కొన్ని రెట్లు కరెంటు లాగుతుంది.

నిజంగా భయపడాల్సిన గుర్తు ఒకటుంది. ఒక గదిలో లైటు డల్ అవుతుంటే, ఇంకో గదిలోనో పై ఫ్లాట్‌లోనో లైటు ఎప్పుడూ లేనంతగా మెరిసిపోవడం. న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్ళే వైరు, లూజైనప్పుడు కనిపించే లక్షణం అది. త్రీఫేజ్ సర్వీసున్న బిల్డింగుల్లో ఫ్లాట్లని మూడు ఫేజులకీ (కరెంటు తెచ్చే వైర్లకీ) పంచుతారు, న్యూట్రల్ మాత్రం అందరికీ ఒక్కటే. అది మెయిన్ దగ్గర తెగినా, సరిగా తాకకపోయినా 230 వోల్టులు రావాల్సిన ఇళ్ళల్లో ఒకరికి 120, ఇంకొకరికి 350 పైన వచ్చే ప్రమాదం ఉంది. తక్కువ సామాన్లు నడుస్తున్న ఇంటికే ఎక్కువ వోల్టేజీ వెళుతుంది. ఊరెళ్ళినవాళ్ళ ఇంట్లో ఫ్రిజ్ కాలిపోయిందని వింటుంటామే, అందులో కొన్ని ఇలాంటివే.

ఆ లక్షణం కనిపిస్తే స్టార్టర్ కోసం స్టూలెక్కకండి. మెయిన్ ఆపేయండి, పక్కవాళ్ళ చేత కూడా ఆపించండి, 1912కి ఫోన్ చేయండి. ఆంధ్రాలోనైనా తెలంగాణలోనైనా కరెంటు ఫిర్యాదులకి అదే నంబరు. మీటరు దాకా ఉన్న సర్వీసు వైరు డిస్కం (కరెంటు సరఫరా చేసే కంపెనీ) వాళ్ళు చూస్తారు. మీటరు దాటాక ఉన్నదంతా మన ఎలక్ట్రీషియన్ పని.

వైరింగు గురించి ఇంకో మాట. 1970లు, 80ల్లో కట్టిన ఇళ్ళల్లో చాలావాటికి అల్యూమినియం వైరు వేసేవారు. రాగికంటే మెత్తన. వేడికి సాగి, చల్లారాక ముడుచుకుని, స్క్రూ కింద నెమ్మదిగా వదులవుతుంది. దానికి తోడు మధ్యలో ఎవరో రిపేరుకొచ్చి అల్యూమినియం వైరుకి రాగి వైరు మెలేసి పైన నల్ల టేపు చుట్టి పోయి ఉంటారు. తేమ తగిలితే ఆ రెండు లోహాల మధ్య పొడి పేరుకుంటుంది, జాయింటు వేడెక్కుతుంది. మా మూడో అంతస్తు కారిడార్‌లో వాన పడినప్పుడే కొట్టుకునే లైటుకి కారణం అదే. గుండ్రటి చెక్క బ్లాకు విప్పితే వెనకాల టేపు జిగురుగా కరిగిపోయి ఉంది. మెలేసిన వైర్లు విప్పి, చివర్లు కత్తిరించి, మధ్యలో కనెక్టరు వేశాక ఆ పాత ట్యూబే నిలకడగా వెలిగింది.

ట్యూబుని చూసి రోగం చెప్పడం

రాగి చోక్ పట్టీ ఎలా పనిచేస్తుందో తెలిస్తే సగం రోగం మనమే చెప్పేయొచ్చు. స్టార్టర్ డబ్బీ లోపల చిన్న గాజు బుడ్డి ఉంటుంది. అందులో వాయువు, వేడెక్కితే వంగే రెండు లోహాల రేకు. స్విచ్ వేయగానే బుడ్డి వెలిగి వేడెక్కుతుంది, రేకు వంగి తాకుతుంది, ట్యూబు రెండు చివర్లా ఫిలమెంట్లు ఎర్రబడతాయి. రేకు చల్లారి విడిపోతుంది. ఆ విడిపోయే క్షణంలో చోక్ నుంచి పెద్ద వోల్టేజీ దెబ్బ ఒకటి తగులుతుంది, ట్యూబు అంటుకుంటుంది. ఒక్క దెబ్బకి అంటుకోకపోతే మళ్ళీ మొదటినుంచి. జోకు చెప్పిన రెండు నిమిషాలకి నవ్వేవాణ్ణి "ట్యూబ్‌లైట్" అని మనం ఎందుకంటామో ఇప్పుడు ఎల్‌ఈడీ ఇళ్ళల్లో పుట్టిన పిల్లలకి విడమర్చి చెప్పాల్సొస్తోంది.

చివర్లు రెండూ ఎర్రగా వెలుగుతూ మధ్యలో చీకటిగా ఉండిపోతే స్టార్టర్‌ని కొద్దిగా ఎడమవైపు తిప్పి బయటికి లాగండి. లాగగానే ట్యూబు వెలిగిందంటే స్టార్టర్ లోపల అతుక్కుపోయింది. పదీ ఇరవై రూపాయలతో పని అయిపోయింది. ఒకసారి వెలిగాక ట్యూబుకి స్టార్టర్‌తో పని లేదు, తీసి జేబులో వేసుకున్నా వెలుగుతూనే ఉంటుంది. మా దర్జీ ఒకే స్టార్టర్‌తో మూడు లైట్లు వెలిగించి చాన్నాళ్ళు గడిపాడు.

వెలిగి, రెండు మూడు నిమిషాలకి ఆరి, మళ్ళీ టకటక కొట్టుకుని వెలుగుతుంటే ట్యూబు వయసు అయిపోయినట్టే. చివర్లు బొగ్గులా నల్లబడి ఉంటాయి. ముసలి ట్యూబు వెలగడానికి కావలసిన వోల్టేజీ పెరుగుతుంది, అది చూసి స్టార్టర్ "ఇంకా వెలగలేదు కాబోలు" అనుకుని మళ్ళీ రంగంలోకి దిగుతుంది. అనుమానంగా ఉంటే పక్క గదిలో బాగా వెలిగే ట్యూబు తెచ్చి ఇందులో పెట్టండి, ఈ ట్యూబు అందులో పెట్టండి. రోగం ట్యూబుతోపాటు వెళ్ళిందా, ఇక్కడే ఉండిపోయిందా తెలిసిపోతుంది. ఇంతకన్నా చవకైన పరీక్ష లేదు.

కొత్త ట్యూబులో వెలుగు పాములా మెలికలు తిరుగుతుంటే కంగారుపడి షాపుకి పరిగెత్తకండి. ఆపి మళ్ళీ వేయండి, కొద్ది రోజులు వాడితే చాలావరకు సర్దుకుంటుంది.

ట్యూబుని కొద్దిగా అటూ ఇటూ తిప్పగానే నిలకడగా వెలిగిందా? తప్పు హోల్డరుది. మా బిల్డింగులో పట్టీల్లో సగానికి పైగా ఇదే రోగం. చేత్తో నిమిరితేగానీ వెలగట్లేదంటే ట్యూబు బలహీనపడిందనో, వోల్టేజీ తక్కువుందనో అర్థం. మన చెయ్యి ఎర్తులాగా పనిచేసి అంటుకోవడానికి సాయం చేస్తుంది. రాత్రి ఏడింటికి మొరాయించి తెల్లారుజామున చక్కగా వెలిగేది వోల్టేజీ సమస్యే. ట్యూబు మార్చినా లాభం లేదు.

స్టార్టర్ కొనేటప్పుడు దానిమీద నంబరు చూడండి. నాలుగడుగుల ట్యూబుకి ఎస్-10 కావాలి. రెండడుగుల ట్యూబులు రెండు ఒకే చోక్ మీద వరసగా ఉన్న పట్టీలకి ఎస్-2. ఇది తెలియక మా రెండడుగుల జంట పట్టీకి ఎస్-10లు వేయించి, ట్యూబులు మార్చి, చోక్ మార్చి, తలపట్టుకుని కూర్చున్నాను. చివరికి షాపులో ఒక పెద్దాయన డబ్బీ తిప్పి నంబరు చూపించాడు.

కొట్టుకునే లైటుని "రేపు చూద్దాంలే" అని రాత్రంతా వదిలేయొద్దు. అంటుకోవడానికి ప్రయత్నిస్తున్నంతసేపూ చోక్‌లోంచి మామూలుకంటే ఎక్కువ కరెంటు పోతుంది. వారం రోజులు అలా వదిలేస్తే పదిహేను రూపాయల రోగం చోక్ దాకా పాకుతుంది. పాత చోక్‌లోంచి తారు కాలిన వాసన గానీ, పట్టీ మీద నల్లటి కారుడు మరక గానీ కనిపిస్తే అక్కడితో దాని కథ అయిపోయింది. మళ్ళీ వేయకండి.

స్విచ్ ఆపినా ట్యూబు సన్నగా మినుకుతోందంటే అది వేరే సంగతి. పాత వైరింగులో స్విచ్‌ని ఫేజు మీద కాకుండా న్యూట్రల్ మీద వేసిన ఇళ్ళుంటాయి. లైటు ఆపినా పట్టీ దాకా ఫేజు వచ్చే ఉంటుంది. ఎల్‌ఈడీ పెట్టాక ఇది ఇంకా బాగా బయటపడుతుంది. చీకట్లో సన్నటి వెలుగు కనపడుతుంటుంది. ఇండికేటర్ ఉన్న స్విచ్‌ల వల్ల కూడా అలా జరుగుతుంది, దానివల్ల పెద్ద ప్రమాదం లేదు. న్యూట్రల్ మీద స్విచ్ మాత్రం మార్పించాల్సిందే. స్విచ్ ఆపేశాం కదా అని స్టూలెక్కి హోల్డరులో వేలు పెట్టినవాడికి షాక్ తగులుతుంది. అందుకే పట్టీ మీద చెయ్యి వేసేముందు స్విచ్ కాదు, మెయిన్ ఆపాలి. ఆపాక కూడా టెస్టర్ పెట్టి చూసుకోవాలి.

ఇక బేరాలు

స్టార్టర్, ట్యూబు మార్చుకుని పాత పట్టీనే నడపడం మొదటి దారి. హోల్డర్లు గట్టిగా ఉండి, చోక్ మోత లేకుండా ఉంటే ఇదే చవక, ఇదే మంచిది. ఎల్‌ఈడీ వచ్చేసింది కదా అని బాగున్న పట్టీని పీకడం నాకు నచ్చదు. కాకపోతే దీనికి గడువు దగ్గరపడింది. ట్యూబ్‌లైట్లలో పాదరసం ఉంటుంది కాబట్టి మినమాటా ఒప్పందం దేశాలు 2023లో సమావేశమై 2027 చివరికల్లా వీటి తయారీ, ఎగుమతి, దిగుమతులు ఆపేయాలని తీర్మానించాయి. మన దేశం 2018లోనే ఆ ఒప్పందంలో చేరింది. ఇప్పటికే మా వీధి షాపులో నాలుగడుగుల పాత ట్యూబు అడిగితే లోపలికెళ్ళి వెతికి దుమ్ము దులిపి తెస్తున్నాడు.

రాగి చోక్ కొత్తది వేయించడం రెండోది. దీనికి ఓటు వేయను. చోక్ ధర, కూలీ కలిపితే కొత్త ఎల్‌ఈడీ పట్టీ ధర దగ్గరికి వచ్చేస్తుంది. వేయించాక 40 వాట్ల ట్యూబుకి చోక్ వేడి కింద ఇంకో పది, పన్నెండు వాట్లు కాలుతూనే ఉంటాయి.

ఎలక్ట్రానిక్ చోక్ ఒకప్పుడు మంచి బేరం. కరెంటుని సెకనుకి 20 వేల సార్లకి పైగా మార్చి ట్యూబుకి ఇస్తుంది కాబట్టి కంటికి కొట్టుకోవడమన్నదే తెలీదు. స్టార్టర్ అక్కర్లేదు, తక్కువ వోల్టేజీలోనూ వెలుగుతుంది, మోత ఉండదు. చవకరకం అయితే ఫిలమెంట్లని వేడెక్కనివ్వకుండా ఒక్కసారిగా దెబ్బకొట్టి వెలిగిస్తుంది. స్విచ్ ఎక్కువసార్లు వేసి ఆపే బాత్రూములో ట్యూబు చివర్లు త్వరగా నల్లబడిపోతాయి. ఉరుముల రోజుల్లో పోయేవి కూడా ముందు ఇవే. ఇంట్లో కొత్త ట్యూబులు అరడజను మిగిలిపోయి ఉన్నాయి, పట్టీలు గట్టిగా ఉన్నాయి, వోల్టేజీ తక్కువ అనే ఇల్లయితే వేయించుకోండి. లేకపోతే వద్దు.

నాలుగోది పాత పట్టీలో ఎల్‌ఈడీ ట్యూబు. పైకి చూస్తే తెలివైన పనిలా కనిపిస్తుంది, నేను చేతులు కాల్చుకున్నదీ ఇక్కడే. పాత హోల్డరు రోగం హోల్డరులోనే ఉండిపోతుంది. ఈ ట్యూబుల్లో కూడా అన్నీ ఒకలాంటివి కావు. కొన్ని రాగి చోక్ ఉండగానే, స్టార్టర్ తీసి దాంతోపాటు ఇచ్చిన డమ్మీ స్టార్టర్ పెడితే పనిచేస్తాయి. చోక్ మాత్రం తీగలో ఉండి కాస్త కరెంటు తింటూనే ఉంటుంది. చాలావాటికి చోక్, స్టార్టర్ రెండూ తీసేసి నేరుగా 230 వోల్టులు ఇవ్వాలి. ఎలక్ట్రానిక్ చోక్ ఉన్న పట్టీ అయితే మామూలుగా దాన్ని తప్పించాల్సిందే. నేరుగా ఇచ్చేవాటిలో మళ్ళీ రెండు రకాలు. ఒక చివరే ఫేజూ న్యూట్రలూ రెండూ ఇచ్చేవి, అటు ఫేజు ఇటు న్యూట్రల్ ఇచ్చేవి. రెండో రకంలో ఒక చివర ఎక్కించి రెండో చివర చేత్తో పట్టుకుంటే, ఆ పిన్నుకి కరెంటు వచ్చే ప్రమాదం ఉంది. కొనాల్సి వస్తే ఒక చివర కనెక్షన్ రకమే అడగండి.

ఇంకో తలనొప్పి, మూడేళ్ళ తరవాత ఎవరో ఆ పట్టీ చూసి మామూలు ట్యూబ్‌లైటు తెచ్చి ఎక్కిస్తారు. మధ్యలో చోక్ లేదన్న సంగతి వాళ్ళకి తెలీదు. ఫిలమెంటు టప్పుమని కాలిపోతుంది, ఫ్యూజూ పోతుంది. అలా మార్చిన పట్టీ మీద "ఎల్‌ఈడీ మాత్రమే, చోక్ లేదు" అని పెద్దక్షరాలతో రాసి అంటించాలి.

అయితే ఈ దారే సరైన చోట్లూ ఉన్నాయి. ఫాల్స్ సీలింగులో దిగేసిన చదరపు లైటు డబ్బాలు ఉన్న ఆఫీసు గది, పీకితే సీలింగు పగిలే చోటు, అద్దాల రిఫ్లెక్టరున్న మంచి పాత ఫిట్టింగులు. అక్కడ హోల్డర్లు కొత్తవి వేయించి, చోక్ తీయించి, ఎల్‌ఈడీ ట్యూబు పెట్టించడం న్యాయం. హోల్డర్లు మార్చకుండా మాత్రం వద్దు.

ఐదోది మొత్తం కొత్త ఎల్‌ఈడీ పట్టీ. పాతది దించేసి, గోడలోంచి వచ్చే వైరు చివర కత్తిరించి కొత్తగా కలిపేస్తారు కాబట్టి హోల్డరు రోగం, చోక్ రోగం, పట్టీ లోపలి పాత వైరు రోగం అన్నీ ఒక్కసారే పోతాయి. మా ఊళ్ళో 20 వాట్లది మంచి కంపెనీదైతే రెండు మూడు వందల్లో వస్తోంది, కూలీ వేరు. లోపం ఒకటే. లోపల డ్రైవర్ (ఎల్‌ఈడీకి కరెంటు అందించే సర్క్యూటు) పోతే చాలావరకు మొత్తం పారేసి కొత్తది కొనుక్కోవాలి. రిపేరు చేసేవాళ్ళు దొరకరు.

గంటల లెక్క

మార్చాలా వద్దా అన్నది లైటు ఎన్ని గంటలు వెలుగుతుందో చూసి తేల్చాలి. పాత 40 వాట్ల ట్యూబు, రాగి చోక్ కలిపి దాదాపు 52 వాట్లు. ఎల్‌ఈడీ పట్టీ 20. తేడా 32 వాట్లు.

మా మెట్ల దగ్గర లైటు సాయంత్రం ఆరునుంచి పొద్దున ఆరుదాకా వెలుగుతుంది. రోజుకి 12 గంటల చొప్పున ఏడాదికి 140 యూనిట్ల ఆదా. యూనిట్ 8 రూపాయలనుకుంటే 1,120 రూపాయలు. పట్టీ ఖర్చు కూలీతో సహా ఆరు నెలల్లోపే వచ్చేస్తుంది. అలాంటివి మాకు తొమ్మిదున్నాయి. హాల్లో రోజుకి ఐదు గంటలు వెలిగేదైతే ఏడాదికి 58 యూనిట్లు, ఇంటి శ్లాబుని బట్టి ఏడాదిలోనో, కాస్త అటూ ఇటూగానో డబ్బు తిరిగొస్తుంది. మేడ మీద సామాన్ల గదిలో రోజుకి పది నిమిషాలు వెలిగే ట్యూబు? ఏడాదికి రెండు యూనిట్లు కూడా మిగలవు. అక్కడ ఎల్‌ఈడీ పట్టీ పెడితే దాని డబ్బు తిరిగొచ్చేసరికి బిల్డింగే ఉండదు. అక్కడికి స్టార్టరే.

వెలుగు సంగతి కూడా చూసుకోండి. "20 వాట్లకి అంత వెలుగు వస్తుందా" అని మా పెద్దవాళ్ళు అడిగారు. పాత 40 వాట్ల ట్యూబు కొత్తగా ఉన్నప్పుడు 2,400 ల్యూమెన్ల (వెలుగుని కొలిచే లెక్క) వరకు ఇస్తుంది, కానీ చుట్టూ చిమ్ముతుంది. సగం పైకప్పుకి పోతుంది. ఎల్‌ఈడీ పట్టీ 2,000 ల్యూమెన్లనీ కిందకే వేస్తుంది. నేలమీద చూస్తే తేడా తెలీదు, పైకప్పు మాత్రం కాస్త చీకటిగా అనిపిస్తుంది. 36 వాట్ల సన్న ట్యూబు మంచి రకం వాడుతున్నవాళ్ళకి మాత్రం 20 వాట్ల పట్టీ తక్కువే అనిపించొచ్చు. అది 3,200 ల్యూమెన్ల పైన ఇస్తుంది. డబ్బా మీద వాట్లు కాదు, ల్యూమెన్లు చూడండి.

ఎల్‌ఈడీ కూడా కొట్టుకుంటుంది

మన కరెంటు 50 హెర్ట్‌జ్, అంటే సెకనుకి 50 సార్లు అటూ ఇటూ మారుతుంది, ఒక్కోసారికి రెండేసి హెచ్చుతగ్గులు. రాగి చోక్ ట్యూబు సెకనుకి 100 సార్లు వెలుగు హెచ్చుతగ్గులవుతూనే ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న ట్యూబులో కంటికి కనపడదు, కానీ తిరిగే ఫ్యాను ఒక్కోసారి ఆగినట్టో వెనక్కి తిరుగుతున్నట్టో అనిపించేది అందుకే. లేత్ మిషన్లున్న షాపుల్లో ఇది ఆషామాషీ వ్యవహారం కాదు. తిరుగుతున్న పనిముట్టు ఆగినట్టు కనిపిస్తే చెయ్యి పెట్టేస్తారు. అందుకే వర్క్‌షాపుల్లో పక్కపక్క ట్యూబులని వేర్వేరు ఫేజుల మీద వేస్తుంటారు.

ఎల్‌ఈడీ అంటే ఈ గోల ఉండదనుకుంటాం. చవకరకం డ్రైవర్లలో ఆ 100 సార్ల కొట్టుకోవడం పాత ట్యూబుకంటే ఎక్కువే ఉంటుంది. మా దర్జీ తన షాపులో ఎక్కడో సంతలో కొన్న పట్టీ బిగించుకున్నాడు. వెలుగు జోరుగానే ఉంది. పది రోజులకి "సూదిలో దారం ఎక్కించేటప్పుడు కళ్ళు లాగేస్తున్నాయండి, సాయంత్రానికి తలనొప్పి" అన్నాడు. ఆ లైటు కింద నా పెన్ను పట్టుకుని విసనకర్రలా అటూ ఇటూ ఊపాను. మామూలుగా అయితే మసగ్గా ఒక పట్టీలా కనపడాలి. అక్కడ పెన్నులు విడివిడిగా అరడజను కనిపించాయి. పెన్ను అతనికే ఇచ్చి ఊపమన్నాను. కాసేపు ఊపి, పట్టీ వంక చూసి, "ఓర్నీ" అన్నాడు. మంచి రకం తెచ్చి అదే చోట బిగించాక ఆ విడివిడి పెన్నులు పోయాయి, తలనొప్పి ఫిర్యాదూ మళ్ళీ రాలేదు.

షాపులో కొనేముందు వెలిగించమని ఈ పెన్ను పరీక్ష చేయండి. చుట్టూ వేరే లైట్లున్నప్పుడు సరిగా తెలీదు, కౌంటరు కింద చీకట్లో పెట్టి చూడాలి. ఫోను కెమెరా దగ్గరగా పెడితే నల్లటి చారలు పరిగెడతాయా అన్నది ఇంకో పరీక్ష. చారలు కనిపిస్తే వద్దు, కనపడనంత మాత్రాన కొట్టుకోవట్లేదని గ్యారంటీ లేదు, కొన్ని ఫోన్లు వాటిని కనపడనివ్వవు.

డబ్బా మీద ఇంకో మూడు చూడండి. ఏ వోల్టేజీ నుంచి ఏ వోల్టేజీ దాకా పనిచేస్తుందో రాసి ఉంటుంది. వోల్టేజీ ఆటుపోట్లున్న ఊరైతే 140 నుంచి 280 లేదా అంతకన్నా వెడల్పుగా ఉన్నది మంచిది. పవర్ ఫ్యాక్టర్ (లాగే కరెంటులో ఎంత నిజంగా పనికొస్తోందో చెప్పే అంకె) 0.9 పైన. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు. దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, అది లేని సరుకు ముట్టుకోవద్దు. బిగించేరోజు పట్టీ వెనకాల స్కెచ్ పెన్నుతో తారీఖు రాయించండి. బిల్లులు పోతాయి, పట్టీ ఎక్కడికీ పోదు.

దించిన పాత ట్యూబులు

ఒక్కో ట్యూబులో కొన్ని మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది. పగలగొట్టి చెత్తకుండీలో వేయడం మా బిల్డింగులోనూ అలవాటే. "చిన్నప్పుడు మేం కత్తియుద్ధం ఆడుకునేవాళ్ళం" అని మా మొదటి అంతస్తాయన గర్వంగా చెబుతారు. పగిలితే కిటికీలు తీసి, ఫ్యాను ఆపి, ఓ పావుగంట గది వదిలేయాలి. చీపురుతో ఊడవకూడదు, పొడి గాలిలోకి లేస్తుంది. అట్టముక్కతో ఎత్తి, మిగిలిన పొడి టేపుతో అద్ది, మూత ఉన్న డబ్బాలో వేయాలి. పగలని ట్యూబులు అట్టపెట్టెలో ఉంచి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకి ఇవ్వాలి. మావి పద్నాలుగు జనరేటర్ గదిలో నిలబెట్టి ఉన్నాయి, వాళ్ళ బండి వచ్చే ఆదివారం కోసం.

ఇప్పటికి మా లెక్క ఇదీ. మెట్లకీ కారిడార్లకీ తొమ్మిది కొత్త పట్టీలు, వాటి వెనకాల గోడలో మూడు చోట్ల జాయింట్లు కొత్తవి. మీటింగు గది ఫాల్స్ సీలింగులో నాలుగు పాత డబ్బాలకి హోల్డర్లు మార్చి ఎల్‌ఈడీ ట్యూబులు. మేడ మీద సామాన్ల గదిలో 1986 నాటి పట్టీ అలాగే ఉంది, చోక్ కూడా ఆనాటిదే. స్విచ్ వేశాక మూడుసార్లు కొట్టుకుని నాలుగోసారికి వెలుగుతుంది. దానికోసం ఎస్-10 స్టార్టర్లు రెండు నా టేబుల్ సొరుగులో పెట్టుకున్నాను.